ఎవరి కోసం ఈ ప్రాజెక్టు?

ఏటా వేసవి మొదలయ్యే రోజులలో విజయవాడ–హైదరాబాదు రహదారి వెంట ఉన్న జిరాక్సు దుకాణాలకూ, బైండింగు షాపులకూ తీరిక ఉండదు. ఇబ్రహీంపట్నం మొదలుకొని పరిటాల, కంచికచర్ల, నందిగామల వరకు ఇంజనీరింగు చివరి సంవత్సరం విద్యార్థులు జట్లు జట్లుగా వచ్చి, బంగారు రంగు అక్షరాలు అద్దిన అట్టల మధ్య తమ ప్రాజెక్టు నివేదికలను కుట్టించుకొని పోతూ ఉంటారు. ఒక్కొక్క అట్ట మీద నాలుగేసి పేర్లు. లోపల మార్గదర్శకుల ధ్రువపత్రం, కృతజ్ఞతలు, విషయ సూచిక, పటాలు. నాలుగేళ్ల చదువుకు మకుటాయమానమని మనం చెప్పుకొనే ఈ ప్రాజెక్టు, వైవా ముగిసిన మరునాడు అలమారలో చేరి దుమ్ము కప్పుకొంటుంది. అందులో వర్ణించిన యంత్రం కోసం గాని, కట్టడం కోసం గాని, కంప్యూటరు ప్రోగ్రాము కోసం గాని ఎదురుచూసే మనిషి ఎవరని అడిగితే నలుగురు విద్యార్థులూ ఒకరి ముఖాలొకరు చూచుకొంటారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ప్రధానంగా ఆ ఎదురుచూసే మనిషిని గురించే.

సామూహికంగా ప్రాజెక్టు చేయించడం అవసరమా అన్న ప్రశ్నకు తావు లేదు. వంతెన గాని, విద్యుత్కేంద్రం గాని, చివరికి చేతిలో ఇమిడే టెలిఫోను గాని ఏ ఒక్కడూ ఒంటిగా నిర్మించినది కాదు. మన దేశపు జాతీయ గుర్తింపు మండలి 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందినది. గుర్తింపు కోరే కళాశాల తన పట్టభద్రులు ఒంటిగానూ, బృందంలో ఒకరుగానూ పనిచేయగలరని ఆధారాలతో చూపవలసి ఉన్నది. ఆ ఆధారం ఎక్కడ దొరుకుతుంది? ప్రాజెక్టు పుస్తకంలోనే. అట్ట మీద నాలుగు పేర్లున్నవి కనుక నలుగురూ కలసి పనిచేసినట్లే! ఇంతకంటె సులభమైన రుజువు ఏ న్యాయస్థానంలోనూ చెల్లదు.

వాస్తవంలో జరిగేది విద్యార్థి మిత్రులకు నేను చెప్పనవసరం లేదు. ఒకడు పని చేస్తాడు, ఒకరు నివేదిక రాస్తారు, ఒకడు ఖర్చు పెట్టుకొంటాడు, మరొకడు వైవా నాటికి టై కట్టుకొని వస్తాడు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పల్లెలలో సామెత. దీనిని తాడు పట్టి కొలిచినవాడు ఒకడున్నాడు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు రింగెల్‌మాన్ మనుషుల చేత బరువులు లాగించి, ఒక్కొక్కరు పెట్టే బలం ఎంతో లెక్క కట్టి 1913లో ప్రచురించాడు. ఒంటిగా లాగినప్పటి బలాన్ని 100 అనుకొంటే, ఇద్దరు కలసి లాగినప్పుడు ఒక్కొక్కరిది 93 అయినది. ముగ్గురైతే 85. ఎనిమిది మంది చేరేసరికి 49కి పడిపోయినది. అందరూ ఒకే క్షణంలో ఊపు కలపలేకపోవడం ఇందులో కొంత కారణమైతే, పక్కవాడు లాగుతున్నాడు కదా అనే భరోసా తక్కినది. 1979లో అమెరికాలో లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే పరిశోధకులు చప్పట్ల తోనూ కేకల తోనూ ఇదే సంగతి చూచారు. 1981లో వారే మరొక ప్రయోగం చేసి, ఎవరి కేక ఎంతో విడిగా తెలిసిపోతుందని ముందే చెప్పినప్పుడు ఆ బద్ధకం మాయమైనదని కనుగొన్నారు.

కనుక నాలుగు పేర్లకు కలిపి ఒకే మార్కు వేసే పద్ధతి బద్ధకాన్ని మనమే నీళ్లు పోసి పెంచడమని నా అభిప్రాయం. అయితే మార్కులు విడగొట్టినంత మాత్రాన ప్రాజెక్టు బాగుపడదు. తాడు చివర నిజమైన బరువు ఉండాలి. గాలిని లాగే తాడును ఎవరు ఎంత లాగినా ఏమి లాభం?

హైదరాబాదు అమీర్‌పేటలో తయారు ప్రాజెక్టులు దొరుకుతాయన్నది బహిరంగ రహస్యం. ధర చెల్లిస్తే నివేదిక, పరికరం, వైవాలో అడగదగిన ప్రశ్నలకు జవాబులు కూడ కట్ట కట్టి ఇస్తారు. విద్యార్థుల నీతి చెడిపోయినదని దీనిని చూచి వాపోయే పెద్దలు ఒక్క సంగతి ఆలోచించాలి. పెళ్లికి భోజనం వండించే గృహస్థు, తినడానికి వచ్చే చుట్టాలు ఉన్నారు కనుక పప్పులో ఉప్పు చూస్తాడు. తినేవాడే లేని వంటకు ఉప్పు ఎవరు చూస్తారు? పరీక్షకుడు పుటలు తిరగవేస్తాడే గాని ఆ పరికరాన్ని ఇంటికి తీసుకొని పోయి వాడుకోడు. వాడేవాడు లేని వస్తువును స్వయంగా చేయడానికీ కొని తేవడానికీ మార్కుల పట్టికలో తేడా కనిపించదు.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి తీసుకొందాం. కంచికచర్ల, నందిగామ మండలాలలో పత్తి, మిరప ప్రధానమైన పంటలు. పండు మిరపను కోసి కల్లంలో పరచి సుమారు రెండు వారాలు ఎండబెడతారు. ఆ రెండు వారాలలో అకాల వర్షం వస్తే టార్పాలిన్ పట్టాలు కప్పుకొంటూ రైతు కుటుంబమంతా రాత్రిళ్లు జాగారం చేస్తుంది. తడిసిన కాయ రంగు మారి తాలు అవుతుంది, లేదా బూజు పట్టి విషపదార్థం చేరి ఎగుమతికి పనికిరాకుండా పోతుంది. ఈ బాధ తెలిసిన విద్యార్థులు ఉన్నారు, ఎందుకంటే వారిలో చాలామంది ఆ కల్లాల మీద ఆడుకొని పెరిగినవారే. సౌరశక్తితో మిరప ఎండబెట్టే పెట్టె అన్నది మెకానికల్ శాఖలో తరచు వినిపించే ప్రాజెక్టు. అద్దం మూత, లోపల నల్ల రంగు రేకు, రెండు అరలు, ఒక చిన్న ఫంకా, ఉష్ణోగ్రత చూపే మీటరు. ఐదు కిలోల కాయ పెడితే రెండు రోజులలో ఎండినదని నివేదికలో రాసుకొన్నారనుకొందాం. గ్రాఫు చక్కగా వచ్చినది, మార్కులు వచ్చినవి.

ఇప్పుడు ఆ పెట్టెను రైతు ముందు పెట్టండి. ఎకరానికి ఇరవై క్వింటాళ్ల ఎండుమిరప దిగుబడి అనుకొంటే, పండు కాయ బరువు దానికి మూడు రెట్లైనా ఉంటుంది. అంటే ఆరు వేల కిలోలు. ఐదేసి కిలోల చొప్పున పన్నెండు వందల వాయిలు, వాయికి రెండు రోజులు. ఒక్క ఎకరం కాయ ఎండడానికి ఆరేళ్లు దాటుతుంది! ఈ లెక్క వేయడానికి రైతుకు కాగితం కూడ అక్కరలేదు. తరువాత ఆయన అడిగే ప్రశ్నలు ఇంకా ఉన్నవి. కాయ రంగు తగ్గుతుందా? గుంటూరు యార్డులో ధర నిర్ణయించేది రంగే కదా. పెట్టెలో కాయ పోసి తీయడానికి ఎంతమంది కూలీలు కావాలి? అద్దం పగిలితే కంచికచర్లలో దొరుకుతుందా? పని ముగిసిన తరువాత దీనిని ఎక్కడ పెట్టుకోవాలి? ఈ ప్రశ్నలలో ఏ ఒక్కటీ పాఠ్యపుస్తకంలో లేదు, అయినా ప్రతి ఒక్కటీ రూపకల్పనకు సంబంధించినదే. ఈ ప్రశ్నలను డిసెంబరులో గాక ముందటి ఏడాది ఫిబ్రవరిలో విని ఉంటే, ఆ జట్టు పెట్టెనే తలపెట్టదు. బహుశా వాన వచ్చినప్పుడు కల్లం మీద పట్టాను ఇద్దరు మనుషులు రెండు నిమిషాలలో కప్పగలిగే చట్రాన్ని తయారు చేస్తుంది. ప్రదర్శనలో అది చూడ ముచ్చటగా ఉండకపోవచ్చు. కాని దాని కోసం ఎదురుచూసే మనిషి ఉంటాడు.

అంతేకాదు, పని పంచుకోవడం కూడ అప్పుడు దానంతట అదే వస్తుంది. పట్టా బరువు, గాలి ఒత్తిడి లెక్క ఒకరిది. గొట్టాల కొలతలు, వెల్డింగు మరొకరిది. రైతులతో మాట్లాడి, కొలతలు తెచ్చి, వాడి చూపించి, తప్పొప్పులు రాసుకొనడం ఇంకొకరిది. ఒకరి కొలత తప్పితే మరొకరి గొట్టం చేరదు. దాపరికం సాగదు.

ఇటువంటి పనులకు మన చుట్టుపక్కల కొరత లేదు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదుగా ప్రవహించి, హైదరాబాదు–విజయవాడ రాకపోకలను నిలిపివేసినది. ఖమ్మం వైపు నుంచి నీరు దిగివచ్చే లోపు ఒడ్డు గ్రామాలకు కబురు చేర్చే సాధనం ఎలక్ట్రానిక్సు శాఖకు తగిన పని. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రపు బూడిదతో ఇటుకలు పోసేవారు, కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చెక్కేవారు, జగ్గయ్యపేట వైపు సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతులు, వీరందరికీ ఇంజనీరుతో పని ఉన్నది. అడిగినవారు లేరు.

నాగార్జునసాగర్ పుట్టుకే ఇందుకు నిదర్శనం. నందికొండ వద్ద ఆనకట్టకు తగిన స్థలం ఉన్నదని పట్టుబట్టి, సర్వేలు చేయించి, 1952 నాటి ఖోస్లా సంఘం దృష్టికి ఆ స్థలాన్ని తెచ్చిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ఇంజనీరు కాడు. ఎండిన పొలాల తరఫున అడిగిన మనిషి. ఆయన వంటివారు అడిగారు కనుకనే కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావు వంటి ఇంజనీర్ల విద్యకు పని దొరికినది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు. ఈ మెట్ట ప్రాంతంలో పారే ఎడమ కాలువ అటువంటి అడుగుట వలన వచ్చినదే.

ఇతర దేశాలలో ఈ మార్గం కొత్తది కాదు. కాలిఫోర్నియాలోని హార్వే మడ్ కళాశాలలో 1963 నుంచి ‘క్లినిక్’ అనే పద్ధతి నడుస్తున్నది. వెలుపలి సంస్థ ఒక సమస్యను తెస్తుంది, రుసుము చెల్లిస్తుంది, తన తరఫున ఒక ఉద్యోగిని ఏడాది పొడుగునా విద్యార్థులతో మాట్లాడటానికి నియమిస్తుంది. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో 1995లో ఆరంభమైన ఎపిక్స్ కార్యక్రమం మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ జట్లు సేవాసంస్థల కోసం పనిచేస్తాయి. మొదటి సంవత్సరం విద్యార్థి మొదలు చివరి సంవత్సరం విద్యార్థి వరకు ఒకే జట్టులో ఉంటారు. పెద్దవారు పట్టం పుచ్చుకొని పోయినా పని ఆగదు, చిన్నవారు అందుకొంటారు. మన దేశంలోనూ 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ అనే పథకం ఆరంభమై, కళాశాలలు సమీప గ్రామాలను దత్తత తీసుకొంటున్నవి. దత్తత తీసుకొన్న గ్రామంలో మొక్కలు నాటి, ఫొటో తీయించుకొని తిరిగి రావడంతో పని ముగిసినట్లు భావించేవారే ఎక్కువ. ఆ గ్రామాలనే ప్రాజెక్టులకు పుట్టిల్లు చేసుకోవచ్చుననే తలంపు ఎందుకో రాలేదు.

జట్టు పని అంటే ఏమిటో చూడగోరేవారికి 2024 ఆగస్టును జ్ఞాపకం చేస్తాను. ఆ నెల 10వ తేదీ రాత్రి హోస్పేట సమీపంలోని తుంగభద్ర ఆనకట్టలో 33 గేట్లకు గాను 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. రాయలసీమ ఆయకట్టుకు ఆధారమైన నీరు కళ్ల ముందే దిగువకు పోతున్నది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో, ఆ ఖాళీకి సరిపోయే స్టాప్‌లాగ్‌ను ముక్కలు ముక్కలుగా తయారు చేయించి, నీరు ఉరుకుతూ ఉండగానే క్రేనులతో దించి, వారం రోజులలో ప్రవాహాన్ని అరికట్టారు. లెక్క కట్టినవాడు, ఉక్కు కోసినవాడు, వెల్డింగు చేసినవాడు, క్రేను నడిపినవాడు, ఎవరి భాగంలో అంగుళం తేడా వచ్చినా ముక్క గాడిలో దిగదు. ఆ జట్టులో ఎవరు ఎంత పని చేశారని ఏ పరీక్షకుడూ అడగలేదు, అడగవలసిన అవసరమే లేదు. మరుసటి నెలలోనే కృష్ణ వరదలో కొట్టుకొనివచ్చిన పడవలు తగిలి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నప్పుడు మళ్లీ ఆయననే పిలిచారు. మనకు గంట ప్రయాణపు దూరంలో జరిగిన ఆ పనిని వెళ్లి చూచి, రాసి, దాని మీద ఒక ప్రాజెక్టు తయారు చేసిన జట్లు ఎన్ని ఉన్నవో!

ఇక జట్టు లోపలి సంగతులు. వీటిని మన పెద్దలు చిన్న విషయాలుగా భావిస్తారు గాని, ప్రాజెక్టులు ఇక్కడే చెడిపోతాయి. జట్టులో ఒక అమ్మాయి ఉంటే ‘‘నీ చేతిరాత బాగుంటుంది, నివేదిక నీవే రాయి’’ అంటారు. ఇప్పుడు చేతిరాత పోయి టైపింగు వచ్చినా ఆ మాట మాత్రం పోలేదు. వర్క్‌షాపులో ఆమె చేయి యంత్రానికి తగలకుండానే పట్టం చేతికి వస్తుంది. రేపు ఉద్యోగంలో ఆమెను యంత్రం గురించి అడిగినప్పుడు తెల్లబోతే, ఆ అపరాధం ఎవరిది? ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఒక్క భాగమైనా తన చేతితో చేసినదై ఉండాలని నియమం పెట్టాలి. వైవాలో ఆ భాగాన్ని విప్పి మళ్లీ బిగించమని అడగాలి.

రెండవది బస్సు. మన విద్యార్థులలో అధిక భాగం రోజూ వచ్చి పోయేవారు. సాయంకాలం తరగతి ముగిసిన పది నిమిషాలకు బస్సు కదులుతుంది. హాస్టలు వారు తప్ప తక్కినవారు వర్క్‌షాపులో నిలవడానికి వీలు లేదు. అందుచేత పనంతా హాస్టలు వాని మీద పడుతుంది, తక్కినవారు సోమరులుగా పేరు తెచ్చుకొంటారు. ఎవరికి వారే యమునా తీరే అని నిందించే ముందు బస్సు వేళలు చూడాలి. వారానికి రెండు రోజులు ఒక బస్సును రెండు గంటలు ఆలస్యంగా పంపితే, ఎన్నో ఉపన్యాసాలు చేయలేని మేలు జరుగుతుంది.

మూడవది భాష. మన కళాశాలలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు, తెలుగు మాట్లాడేవారు కలసి కూర్చొని ఇంగ్లీషులో నివేదిక రాస్తారు. ఆ ఇంగ్లీషు ఇద్దరిదీ కాదు కనుక పాత నివేదికల నుంచి వాక్యాలకు వాక్యాలే దిగుమతి అవుతాయి. నివేదిక ఇంగ్లీషులో ఉండవలసినదే, కాదనను. కాని రోజువారీ పని పుస్తకాన్ని ఎవరికి వచ్చిన భాషలో వారు రాసుకోనివ్వాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ దగ్గర నిలిచిన ఉస్తాద్‌తో ఉర్దూలోనూ, కల్లంలో రైతుతో తెలుగులోనూ మాట్లాడగలిగిన జట్టు మన దగ్గర ఉన్నది. పెద్ద పెద్ద సంస్థలకు లేని సంపద ఇది. దానిని మనం లోపంగా దాచుకొంటున్నాము.

ఈ పని పుస్తకమే మార్కులకు ఆధారం కావాలి. తేదీ, చేసిన పని, తప్పిన లెక్క, ఎవరి సంతకం అన్నవి ప్రతి సభ్యునికీ విడిగా ఉండాలి. మిత్రులే ఒకరికొకరు మార్కులు వేసుకొనే పద్ధతి కొన్ని దేశాలలో ఉన్నది. మన దగ్గర అది ఒక్కటే పెడితే స్నేహధర్మం పాటించి అందరూ అందరికీ నూటికి నూరు వేస్తారు. పని పుస్తకం, మార్గదర్శకుని పరిశీలన తోడైతేనే దానికి విలువ. అదే సమయంలో ఒక్క అధ్యాపకునికి ఎనిమిది, పది జట్లు అప్పగించి ప్రతి వారం పరిశీలించమనడం కూడ అన్యాయమే. కమిటీ వారు ఈ సంఖ్యను సగానికి తగ్గించే మార్గం చూడాలి.

కంప్యూటరు శాఖల వారు ఇదంతా మెకానికల్, సివిల్ వారి గొడవ అనుకొనవచ్చు. వారికే ఇది ఎక్కువగా వర్తిస్తుంది. గ్రంథాలయ నిర్వహణ అనే ప్రోగ్రాము ప్రతి కళాశాల అలమారలోనూ పదుల సంఖ్యలో ఉంటుంది. అదే కళాశాల గ్రంథపాలకుడు ఈనాటికీ చిట్టా పుస్తకంలో వేలు పెట్టి వెతుకుతూ ఉంటే, ఆ ప్రోగ్రాములన్నీ ఎవరి కోసం రాసినట్లు? చివరి సంవత్సరంలో ఉద్యోగ పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉంటాయి, పల్లెలు తిరగడానికి వేళ ఎక్కడిదని మరికొందరు అంటారు. ఇంటర్వ్యూలో తప్పక అడిగే ప్రశ్న ‘‘మీ ప్రాజెక్టులో మీరు ఏమి చేశారు?’’ అన్నదే. కొని తెచ్చిన దాని గురించి రెండవ ప్రశ్నకు నిలిచేవారు అరుదు.

చివరగా కాలం సంగతి. విశ్వవిద్యాలయపు పంచాంగానికీ పొలం పంచాంగానికీ పొత్తు కుదరదు. ప్రాజెక్టు సెమిస్టరు శీతకాలంలో ఆరంభమై వేసవిలో ముగుస్తుంది. మిరప కోతలూ అదే కాలంలో. రూపకల్పన పూర్తయ్యేసరికి కల్లాలు ఖాళీ అవుతాయి. మున్నేరు వరద చూడాలంటే జూలై నుంచి సెప్టెంబరు వరకే. కనుక మూడవ సంవత్సరంలోనే జనవరి, ఫిబ్రవరి నెలలలో జట్లు ఏర్పడి, పని జరిగే చోటు చూచి రావాలి. నాల్గవ సంవత్సరం మొదటి సగంలో గీతలు, లెక్కలు, తయారీ ముగించాలి. రెండవ సగంలో అదే రైతు కల్లంలో పెట్టి చూడాలి. వైవా రోజున వెలుపలి పరీక్షకుని పక్కన ఆ రైతుకు, ఇటుకల బట్టీ యజమానికి, లేదా గ్రంథపాలకునికి ఒక కుర్చీ వేసి, ఆయన తెలుగులో అడిగే ప్రశ్నలకు నలుగురూ విడివిడిగా జవాబు చెప్పాలి. సామాగ్రికి కొంత సొమ్ము, వచ్చిన పెద్దమనిషికి ప్రయాణపు ఖర్చు కమిటీ వారు మంజూరు చేయాలి. ఈ ఏడు కల్లాలు ఎత్తివేయక ముందే మూడవ సంవత్సరం వారిని ఒక్కసారి తీసుకొని వెళ్లడానికి వేరే ఖర్చు కూడ పెద్దగా లేదు. ఆదివారాలు కళాశాల బస్సులు ఊరికే నిలబడి ఉంటున్నవి.